మేఘంలో చెవి చెప్పే అబద్ధం

1971 మే 28న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, రోనోక్ నగర సమీపాన, ఒక చిన్న ప్రైవేటు విమానం బ్రష్ మౌంటెన్ అనే కొండను ఢీకొన్నది. వాన, పొగమంచు, కిందికి దిగివచ్చిన మేఘాలు. పైలట్‌తో సహా ఆరుగురూ మరణించారు. వారిలో ఒకరు రెండవ ప్రపంచయుద్ధ వీరుడు, ఆ తరువాత సినిమా నటుడు అయిన ఆడీ మర్ఫీ. లోకం ఆయననే గుర్తుంచుకున్నది. వైద్యుణ్ణి గనుక నా ఆలోచన పైలట్ దగ్గర ఆగిపోతుంది. ఆయనకు 8,000 గంటలు విమానం నడిపిన అనుభవం ఉన్నదని నమోదైంది. బయట ఏమీ కనబడనప్పుడు కేవలం పరికరాలను చూసి నడిపే అర్హత మాత్రం లేదు.

అటువంటి పైలట్ మేఘంలోకి వెళితే ప్రమాదం రెండు విధాలుగా పొంచి ఉంటుంది. ఎదుట ఉన్న కొండ కనబడదు; ఇది ఎవరైనా ఊహించగలిగినదే. రెండవ ప్రమాదం ఆయన చెవిలోనే ఉంటుంది.

మన లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళికలు, వాటి నిండా ద్రవం ఉంటాయి. తల తిరిగినప్పుడు ద్రవం కాస్త వెనుకబడుతుంది. ఆ తేడాను బట్టే మెదడు మలుపును గ్రహిస్తుంది. చిన్నప్పుడు మీరు ఒప్పులకుప్ప ఆడే ఉంటారు. ఆగిన తరువాత కూడా వాకిలి గిర్రున తిరిగేది కదా? నాళికలు ఆగినా ద్రవం వెంటనే ఆగకపోవడమే అందుకు కారణం. విమానం ఒకే తీరున మలుపు తిరుగుతూ ఉంటే, ఇరవై సెకన్లు గడిచేసరికి ద్రవం నాళికలతో సమానంగా కదులుతుంది. తిన్నగా పోతున్నామని చెవి చెబుతుంది. విమానాన్ని నిజంగా తిన్నగా చేస్తే, అవతలి వైపు తిరుగుతున్నట్లు తోస్తుంది. పైలట్ తిరిగి పాత మలుపులోకే వెళతాడు. విమానం చుట్లు తిరుగుతూ కిందికి జారుతుంది.

1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు ఈ శిక్షణ లేని ఇరవై మందిని పరీక్షించారు. ఇరవై మందికీ అదుపు తప్పింది, సగటున 178 సెకన్లలో.

"నాకు బాగానే ఉంది డాక్టరుగారూ, అందుకే బీపీ మాత్రలు మానేశాను" అనే మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. వారు అబద్ధమాడలేదు, వారికి నిజంగా బాగానే అనిపించేది. పెరిగిన రక్తపోటును మన స్పృహకు తెలిపే ఇంద్రియం లేదు మరి. కొలిచి చూస్తే పై అంకె 190 ఉండేది. నేను వాదించక, యంత్రాన్ని వారి వైపు తిప్పి చూపేవాణ్ణి. చాలామంది మాత్రలు మళ్ళీ మొదలుపెట్టేవారు. కొందరు మాత్రం "మిషను సరిగా లేదేమో" అనేవారు.

మేఘంలో చిక్కుకున్న పైలట్‌కు కూడా మొదట కలిగే అనుమానం అదేనట.