తోడు విడవని పద్దెనిమిది నెలలు

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లుండే కాలనీల్లో ఆ జంటని చూడనివాళ్లు తక్కువ. ఇరవైకి కాస్త అటూఇటూగా ఉండే ఇద్దరమ్మాయిలు. మోకాళ్లు దాటిన స్కర్టు, భుజాన సంచి, గుండెల మీద నల్ల బిళ్ల. బిళ్ల మీద ‘సిస్టర్’ అని, పక్కన ఇంటిపేరు, కింద చర్చి పేరు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎక్కడా కనబడదు. మనవాళ్లు కొందరు నర్సులనుకుంటారు, కొందరు కాన్వెంటు సిస్టర్లనుకుంటారు. రెండూ కాదు. మోర్మన్లని లోకం పిలిచే చర్చి తరఫున ప్రచారానికొచ్చిన పిల్లలు. (ఆ పిలుపు మానేసి చర్చి పూర్తి పేరే వాడమని వాళ్ల అప్పటి అధ్యక్షుడు రసెల్ నెల్సన్ 2018లో గట్టిగా చెప్పారు. లోకం వింటేగా!)

పద్దెనిమిది నెలలు ఇదే పని. జీతం లేదు సరికదా, ఎదురు కట్టాలి. అమెరికా పిల్లలైతే 2020 జులై నుంచి నెలకి 500 డాలర్లు. ఎక్కడికెళ్లాలో వాళ్ల చేతిలో ఉండదు. టెక్సస్ అంటే టెక్సస్, తైవాన్ అంటే తైవాన్. మగపిల్లలకిది మతధర్మం, రెండేళ్లు వెళ్లి తీరాలన్నట్టు పెంచుతారు. ఆడపిల్లల్ని ఎవరూ వెళ్లి తీరాలనరు. వెళ్లిందంటే తనంతట తాను వెళ్లినట్టే.

మొహం మీద తలుపు వేయించుకోవడమే వీళ్ల పెద్ద కష్టమని మనం జాలిపడతాం. నన్నడిగితే అది చిన్న కష్టం. వేసినవాళ్లు వేశారు, పక్కింటికి వెళ్తారు. అసలు పరీక్ష పక్కనున్న అమ్మాయి.

నిద్ర లేచింది మొదలు ఇద్దరూ ఒకరి కంటికొకరు ఆనుతూ, ఒకరి మాట ఒకరికి వినబడేంత దగ్గర్లో ఉండాలి. పడుకునేదీ ఒకే గదిలో, చెరో మంచం మీద. ఎవరికి ఎవరు జోడో ఆ ప్రాంతంలోని ప్రచారకులకి పెద్దగా ఉండే మిషన్ అధ్యక్షుడు తేలుస్తాడు. ఆరువారాలకోసారి బదిలీల కబురొస్తుంది, జంటలు మారొచ్చు, మారకపోనూవచ్చు. పెళ్లిచూపులైనా లేని కాపురమన్నమాట. ఒకమ్మాయి ఆరున్నర అలారానికి ముందే లేచి గుంజీలు మొదలుపెట్టే రకం. రెండో అమ్మాయి దుప్పటి లాక్కుని ఇంకో అయిదు నిమిషాలు అనే రకం. అరగంట వ్యాయామం, విడిగా కాసేపు చదువు, కలిసి కాసేపు చదువు, ఆపైన రోడ్డు. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకి గూటికి. పదిన్నరకి దీపాలార్పాలి. సింకులో గిన్నెలెవరు వదిలేశారన్న గొడవ ఈ మధ్యలోనే ఎక్కడో రగులుతుంది. సరే, మనసు పాడైంది, అలా నాలుగడుగులు నడిచొద్దామంటే కుదరదు. ఎవరి మీద అలిగిందో ఆ పిల్లే బూట్లేసుకుని తోడు రావాలి!

ఇది పడక, లేదా ఒంట్లోనో మనసులోనో బాగోక, మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. “ఏమైంది, ముందే వచ్చేశావ్?” అనే చూపులు మన ఊళ్లకే సొంతం కాదు, ఈ చర్చివాళ్లు ఎక్కువగా ఉండే యూటాలోనూ ఉన్నాయి.

వారంలో ఒకరోజు బట్టలుతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి. ఇంటికి ఫోన్ చేసేది కూడా ఆ రోజే. అదీ 2019 ఫిబ్రవరి నుంచే. అంతకుముందు ఏడాదికి రెండే ఫోన్లు, క్రిస్మస్‌కొకటి, మదర్స్ డేకొకటి. సైకిల్ మీద తిరిగే సిస్టర్లు ఒకప్పుడు స్కర్టు అంచు చైన్లో పడకుండా ఒక చేత్తో పట్టుకుని తొక్కాల్సొచ్చేది. దోమల జబ్బులు, చలి కారణాలుగా చూపి 2018 డిసెంబర్లో ప్యాంట్లకి ఒప్పుకున్నారు. ఆదివారం ఆరాధనకి మాత్రం స్కర్టే.

పెళ్లికాని ఆడపిల్లల్ని చర్చి మొదటిసారి అధికారికంగా ఇలా పంపింది 1898లో. ఐనెజ్ నైట్, జెన్నీ బ్రిమ్‌హాల్ అనే ఇద్దరు యూటా నుంచి ఇంగ్లండు వెళ్లారు. మోర్మన్ ఆడవాళ్లంటే బహుభార్యల కాపురంలో బందీలని అక్కడ కథలు కథలుగా చెప్పుకునే రోజులవి. మగవాళ్లు ఎంత మొత్తుకున్నా నమ్మని జనం, ఆడపిల్లే వచ్చి ఎదురుగా నిలబడి మాట్లాడితే ఆగి విన్నారు. తర్వాత చాలాకాలానికి, 2012 అక్టోబర్లో, అమ్మాయిల వయసు నిబంధన 21 నుంచి 19కి తగ్గించగానే దరఖాస్తులు వెల్లువెత్తాయి.

మనవాళ్ల సంగతికొస్తే, తలుపు వేయరు. లోపలికి రమ్మంటారు, కూర్చోబెడతారు, టీ పెడతారు. టీ, కాఫీ వాళ్లకి నిషిద్ధం. అయ్యో పాపం, ఎండన పడి వచ్చారని మజ్జిగిస్తారు, జంతికలు పెడతారు. చర్చికి రమ్మంటే “తప్పకుండా” అంటారు. మనకది మర్యాద. ఆ పిల్ల నమ్మి ఫోన్లో రాసుకుంటుంది, ఆదివారం చర్చి గుమ్మంలో వచ్చే ప్రతి కారులోకీ తొంగి చూస్తుంది. ఇలా మొహమాటానికి ఆశపెట్టేవాళ్లకన్నా “మాకొద్దమ్మా, మంచినీళ్లు తాగి వెళ్లండి” అనేవాళ్లు వెయ్యిరెట్లు నయం.

ఈ చర్చి మనకి అంత కొత్తదీ కాదు. సమోవాలో ఉద్యోగం చేస్తూ అందులో చేరిన ధర్మరాజు దంపతులు 1978 డిసెంబర్లో హైదరాబాద్ వచ్చి సొంత బంధువులకే ముందు బోధించారు. 2012లో దేశంలోని తొలి స్టేక్, అంటే మన లెక్కలో ఒక డయాసిస్ లాంటిది, హైదరాబాద్‌లోనే ఏర్పడింది. ఆ నల్ల బిళ్ల పెట్టుకున్న తెలుగమ్మాయిలూ ఉన్నారు. సంబంధాలు చూసే వయసులో ఏడాదిన్నర ఆగమని ఇంట్లో ఒప్పించి బయల్దేరడం డాలస్ ఎండలో తిరగడంకన్నా తక్కువ కష్టమేం కాదు.

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడుపడదు. నెలల తరబడి ఒక ఇంటికి తిరిగి, పాఠాలు చెప్పి, సందేహాలు తీర్చి, చివరికి ఎవరైనా బాప్తిస్మానికి ఒప్పుకుంటే, ఇచ్చే అధికారం ఈ పిల్లలకి లేదు. అది యాజకత్వమున్న మగవాళ్లది. నిన్నగాక మొన్న పద్దెనిమిది నిండిన కుర్రాడు తెల్లబట్టలేసుకుని నీళ్లలోకి దిగుతాడు. 2019 అక్టోబర్ దాకా పక్కన సాక్షిగా నిలబడే అవకాశం కూడా ఆడవాళ్లకి లేదు, ఇప్పుడుంది. “మీకేం అనిపించదా?” అంటే ఆ అమ్మాయిలు నవ్వేసి, ఆ ఇంటివాళ్లు చేరారు కదా, అదే చాలంటారు. ఒళ్లు మండేది నాకే.