ముందు ఏది లేపాలి?

విశాఖపట్నంలో ఏ కంపెనీ వాళ్లతో డిజాస్టర్ రికవరీ మాటెత్తినా కాసేపటికి హుద్‌హుద్ దగ్గరకే వచ్చి ఆగుతాం. 2014 అక్టోబర్ 12న ఆ తుపాను మా ఊరి దగ్గరే తీరం దాటింది. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, కరెంటు స్తంభాలు పడిపోయాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. "సర్వర్‌కి చుక్క నీరు తగల్లేదండీ, ఏం లాభం? కరెంటు లేదు, జనరేటర్‌కి డీజిల్ లేదు, ఎవరితోనైనా చెబుదామంటే ఫోన్ లేదు" అన్నవాళ్లు నాకు చాలామంది తగిలారు. మిషన్ చెక్కుచెదరకపోయినా వ్యాపారం ఆగిపోతుందని ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

అప్పటికి అమెజాన్, మైక్రోసాఫ్ట్, గూగుల్ మూడింటిలో ఒక్కదానికీ మన దేశంలో క్లౌడ్ రీజియన్ (సర్వర్లు అద్దెకిచ్చే కేంద్రం) లేదు. మైక్రోసాఫ్ట్ 2015లో పుణె, చెన్నై, ముంబైలలో తెరిచింది. అమెజాన్ 2016లో ముంబైకి, 2022లో హైదరాబాద్‌కి వచ్చింది. గూగుల్ 2017లో ముంబైలో, 2021లో ఢిల్లీలో పెట్టింది. అంతకుముందు ఇంకో ఊళ్లో రెండో సెట్టు కావాలంటే గది అద్దెకు తీసుకుని, సర్వర్లు కొని, ఎప్పుడో వచ్చే ఆపద కోసం ఏడాది పొడవునా ఏసీ వేసి ఉంచాలి. బ్యాంకులు ఆ పని చేసేవి. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీకి అంత స్తోమత ఎక్కడిది? ఇప్పుడు వాడినంతసేపటికే అద్దె కాబట్టి వాళ్లు కూడా రికవరీ ప్లాన్లు రాసే మమ్మల్ని పిలుస్తున్నారు.

అలాంటి ఒక కంపెనీలో మొదటి మీటింగ్ ఎలా నడుస్తుందో చెబుతాను. యజమాని ముందే తేల్చేస్తాడు: "మాకు ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఒక్క ఎంట్రీ కూడా పోకూడదు." దానికెంత ఖర్చవుతుందో కాగితం మీద వేసి చూపిస్తాను. ఆయన కాసేపు చూసి కాఫీ తెప్పిస్తాడు. అసలు మాటలు అప్పుడు మొదలవుతాయి. నేనడిగేవి రెండే. ఎంతసేపు ఆగితే తట్టుకోగలరు? ఎంతసేపటి ఎంట్రీలు పోతే మళ్లీ కూర్చుని కొట్టుకోగలరు? మా భాషలో మొదటిది ఆర్‌టీవో, రెండోది ఆర్‌పీవో.

ఈ రెండింటికీ సరైన జవాబు యజమాని దగ్గర గానీ ఐటీ కుర్రాడి దగ్గర గానీ దొరకడం అరుదు. డిస్పాచ్ చూసే ఆయన్ని పిలిపించమంటాను. ఆయన కుర్చీ చివర కూర్చుని లెక్క తేల్చేస్తాడు: "జీతాల సాఫ్ట్‌వేర్ నెలాఖరులో తప్ప ఎప్పుడాగినా పర్లేదు సార్. కంటైనర్ లోడయ్యాక ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు రాకపోతే మాత్రం ఓడ తప్పిపోద్ది. ఏ చెరువు రొయ్య ఏ పెట్టెలో ఉందో ఆ రికార్డు పోయిందనుకోండి, ఇంక ఆ సరుకు అవతలివాడు తీసుకోడు." ప్లాన్‌లో సగం అక్కడే తయారైపోయింది. చెరువు నుంచి పెట్టె దాకా ఉన్న రికార్డులో ఒక్క ఎంట్రీ పోకూడదు, డిస్పాచ్ నాలుగు గంటల్లో లేవాలి, జీతాలు రెండు రోజులు ఆగొచ్చు. అన్నిటికీ ఒకే రక్షణ కావాలన్న కంపెనీ డబ్బు వృథా చేసుకుంటుంది, లేదా బిల్లు చూసి అసలేమీ చేయకుండా వదిలేస్తుంది. నేను చూసినంతలో రెండోదే ఎక్కువ.

ఆ తర్వాత ఏ సిస్టమ్‌కి ఏ పద్ధతో పంచుకోవడమే. జీతాలకి రోజూ బ్యాకప్ తీసి క్లౌడ్‌లో పెడితే చాలు, అవసరమైతే ఒక పూట కూర్చుని రీస్టోర్ చేసుకోవచ్చు. డిస్పాచ్‌కి పైలట్ లైట్ సరిపోతుంది. అంటే నివురు కింద నిప్పులా అక్కడ డేటాబేస్ ఒక్కటే నడుస్తూ ఉంటుంది, మిగతా సర్వర్లను ఆ రోజుకి లేపుకుంటాం. చిన్న సైజులో మొత్తం సెట్టునూ నడుపుతూ ఉంచే వార్మ్ స్టాండ్‌బై, రెండు చోట్లా ఒకేసారి పనిచేసే యాక్టివ్-యాక్టివ్ కూడా ఉన్నాయి గానీ ఈ స్థాయి కంపెనీలకి నేను సాధారణంగా చెప్పను. రెండో చోటుగా చెన్నై కూడా వద్దంటాను. అదీ బంగాళాఖాతం ఒడ్డే, 2015 డిసెంబర్‌లో ఆ నగరం మునగడం అందరం చూశాం. విశాఖ వాళ్లకి హైదరాబాదో ముంబైయో మేలు.

అన్నిటికంటే నేను ఎక్కువగా వాదించేది ఒక విషయం మీద. "మాది రెండు చోట్లా ఎప్పటికప్పుడు కాపీ అవుతోందండీ, ఇంకా బ్యాకప్ ఎందుకు?" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఇక్కడ పొరపాటున డిలీట్ కొడితే క్షణాల్లో అక్కడా డిలీట్ అవుతుంది. రాన్సమ్‌వేర్ తాళం వేసిన ఫైళ్లు కూడా అంతే నమ్మకంగా అవతలికి వెళ్లి కూర్చుంటాయి. 2024 మేలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పెన్షన్ ఫండుకి ఇలాంటిదే జరిగింది. ఒక సెట్టింగు ఖాళీగా వదిలేయడం వల్ల గడువు ముగిసి, గూగుల్‌లో వాళ్ల ప్రైవేట్ క్లౌడ్ ఒకటి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. జాగ్రత్తగా రెండో చోట ఉంచుకున్న నకలు కూడా దాంతోపాటే పోయింది. తిరిగి లేవడంలో వేరే కంపెనీ దగ్గర పెట్టుకున్న బ్యాకప్‌లు అక్కరకొచ్చాయి. అందుకే ఒక బ్యాకప్ వేరే అకౌంట్‌లో, వేరే పాస్‌వర్డ్ కింద, గడువు తీరేదాకా అడ్మిన్ కూడా చెరపలేని తాళంలో ఉండాలని పట్టుబడతాను.

బ్యాకప్ ఉంటే సరిపోదు, తెరుచుకోవాలి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైటు గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు రాత్రివేళ వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్‌ని చెరిపేశాడు. రోజూ తీయాల్సిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల అసలు తీయడమే లేదని అప్పుడు తెలిసింది. ఫెయిలైందని చెప్పాల్సిన మెయిళ్లను కూడా సంతకం సరిగా లేదని మెయిల్ సర్వర్ తిప్పికొట్టేసింది. ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ ఉండబట్టి బయటపడ్డారు. ఆ ఉదంతాన్ని వాళ్లే దాచకుండా లోకానికి చెప్పారు. మా వృత్తిలో అదొక పాఠ్యపుస్తకం.

డ్రిల్ ఎందుకంటే ఇందుకే. ఆదివారం పొద్దున్నే అసలు సర్వర్లు ఆపి, క్లౌడ్‌లోవి లేపి, ఉద్యోగుల చేత మామూలు పని చేయిస్తాం. మిషన్లు లేవడం పెద్ద విశేషం కాదు. చుట్టూ ఉన్న చిన్న ముడులే కాలికి తగులుతాయి. బ్యాంకు పాత ఐపీ నుంచే చెల్లింపులు ఒప్పుకుంటుంది. ఈ-ఇన్‌వాయిస్ ఏపీఐకీ ముందుగా నమోదైన ఐపీలే కావాలి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు పాత మిషన్‌కే కట్టుబడి ఉంటుంది. డీఎన్‌ఎస్‌లో టీటీఎల్ (అడ్రస్‌ని గుర్తుంచుకునే గడువు) ఒక రోజుకి పెట్టి ఉంటే, అడ్రస్ మార్చాక కూడా సగం మంది పాత చోటికే వెళ్తుంటారు. క్లౌడ్ అకౌంట్ ఓటీపీ ఎప్పుడో ఉద్యోగం మానేసిన అబ్బాయి ఫోన్‌కి వెళ్తుంది. రికవరీ ఎలా చేయాలో రాసిన ఫైలు ఆపేసిన సర్వర్‌లోనే ఉంటుంది! ఆ ఫైలుని ప్రింట్ తీసి ఇద్దరి ఇళ్లలో పెట్టిస్తాను. ఇంత టెక్నాలజీ ఉండి కాగితమా అని నవ్వేవాళ్లు నవ్వుతారు.

సాయంత్రం వెనక్కి రావడం మరీ కష్టం. ఆ పూటంతా క్లౌడ్‌లో పడిన ఎంట్రీలు పాత సర్వర్‌కి చేరాకే అటు తిప్పాలి. ఆ తిరుగు దారి ప్లాన్‌లో రాసేవాళ్లు తక్కువ.

ఇంకొకటి, మేం రాసివ్వలేనిది. అర్ధరాత్రి రెండింటికి "ఇక మార్చేద్దాం" అని ఎవరనాలి? పేరు రాసి ఉండకపోతే ఇంజినీర్లు ఇంకో గంట చూద్దాం, ఇంకో గంట చూద్దాం అంటూ తెల్లవారేదాకా చూస్తూనే ఉంటారు. సైబర్ దాడైతే ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలని 2022 ఏప్రిల్ ఆదేశాల్లో ఉంది, కాబట్టి ఆ పనికీ ఒక మనిషి పేరుండాలి. యజమాని పేరు, ఆయన ఊళ్లో లేకపోతే ఇంకొకరి పేరు రాసి సంతకం పెట్టించాకే నేను ఫైలు మూస్తాను.

వ్యాపారం చేసే పాఠకులకు ఒక మనవి. ఈ వారం మీ ఐటీ వాళ్లని పిలిచి, గత నెల లెడ్జర్‌ని బ్యాకప్ నుంచి తీసి వేరే మిషన్ మీద తెరిచి చూపించమనండి. ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి. మీ ప్లాన్‌లో ఏ అంకె ఉన్నా, ప్రస్తుతానికి మీ ఆర్‌టీవో అంతకంటే తక్కువైతే ఉండదు.