మా యింటి క్రొత్త తెర

గడచిన వేసవి సెలవులలో మా యింటికి ఒక క్రొత్త కంప్యూటరు మానిటరు వచ్చినది. గోపాల్‌పేటలో ఇదియొక వింతయా యని చదువరులు నవ్వవచ్చును. దాని వెలలో మా తమ్ముని సైకిలు సొమ్ము కలిసియుండుటచేతనే దానినిగూర్చి వ్రాయ సాహసించుచున్నాము.

మా పాత మానిటరు వనపర్తిలో మూతపడిన యొక ఇంటర్‌నెట్ కేంద్రమునుండి కొన్నది. మేమాడు ఆట రాకెట్ లీగ్. అందు మనుష్యులకు మాఱుగా కార్లు పెద్ద బంతిని తన్ని గోలు చేయవలెను. పాత తెరపై బంతి వేగముగా పోవునప్పుడు దాని వెనుక పొగవంటి మసక తోక సాగెడిది. మేమోడినప్పుడెల్ల తప్పు తెరదే యని చెప్పుచుంటిమి. చెప్పి చెప్పి నమ్మితిమి కూడ. కడకు దినమునకు చెఱియొక గంట యని మాట యిచ్చి, రెండు యాసంగులలో సెలవుదినములందు వేరుసెనగ కాయలు తెంపి తమ్ముడు కూడబెట్టిన సొమ్మును మా సొమ్ముతో కలిపించితిమి. నాయనగారు అడ్డు చెప్పలేదు. "వాని బడి మూడు కిలోమీటర్లు. అది మఱువకు" అని మాత్రమనిరి.

పెట్టె విప్పగానే ముందుగా మెచ్చినది మా నాయనమ్మ. ఆమె చాపమీద కూర్చుండును. పాత తెరను క్రిందినుండి చూచిన బొమ్మలు నల్లబడి, ముఖములు గుర్తుపట్టరాకుండెడివి. ఈ క్రొత్తది ఐ.పి.ఎస్. జాతి తెర యగుటచే క్రిందినుండి చూచినను రంగులు చెదరవు. ఇంటి పెండ్లి ఫొటోలు చూపగా, "ఇన్నాళ్లకు నాకును కనబడినదిరా" అని సంతసించెను.

కాని మేము కొన్నది ఫొటోలకు కాదు. పాత తెర సెకనుకు 60 మారులు బొమ్మను మార్చును. ఇది 144 మారులు మార్చగలదు. అనగా ఒక్కొక్క బొమ్మ 16.7 మిల్లీసెకన్లకు బదులు 6.9 మిల్లీసెకన్లే నిలుచును. అంత యాశతో ఆడ మొదలిడగా, అయ్యో, బంతి మునుపటివలెనే తడబడుచు పోయెను! "బాగున్నదన్నా" అని తమ్ముడనెను. మమ్మోదార్చుటకే వాడట్లనెనని తెలిసి మఱింత క్రుంగితిమి.

1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలయందు హిగిన్‌బోథమ్ అను శాస్త్రజ్ఞుడు ఐదంగుళముల గుండ్రని ఆసిలోస్కోపు తెరపై టెన్నిస్ ఆటను కల్పింపగా, సందర్శకులు బారులు తీరి యాడిరట. ఇరువదినాలుగు అంగుళముల తెర ముందు కూర్చుండి మేము ఆ రాత్రి సైకిలు వెల లెక్కించుచుంటిమి.

తెల్లవాఱినపిదప తమ్ముడు, మేము పాఱవేసిన చిన్న కాగితమును పెట్టెనుండి తీసి చదివెను. కంప్యూటరు క్రొత్త తెరను సయితము 60తోనే నడపుచుండెను! సెట్టింగులలో ఆ యంకెను వాడే 144గా మార్చెను. మౌసు కదల్పగానే బాణపుగుర్తు నీటిమీద చేపవలె జాఱెను. ఆటలో బంతి తిరుగుచుండగనే దానిపై గీతలు కనబడినవి. మొదటి యాటలో మేము 5-1 గోళ్లతో ఓడితిమి. ఇప్పుడు నిందించుటకు తెర యెక్కడ?

ఒక లోపము మాత్రమున్నది. ఆ తెరలో 20,73,600 చుక్కలు గలవు. ఎడమ మూలనున్న యొక్క చుక్క యెల్లప్పుడు పచ్చగా వెలుగుచుండును. ఒక్క చుక్కకు మానిటరు మార్చి యీయమని అమ్మినవారు చెప్పిరి.

ఆ సాయంకాలము మా గంట ముగిసినను, ఒక గోలు వెనుకబడియుండుటచే లేవలేదు. తమ్ముడు ద్వారమువద్ద మాటాడక నిలిచియుండెను. వానిని చూచి ఆట నడుమనే లేచితిమి. వాడు కుర్చీ యెక్కి, ముందుగా ఆ పచ్చని చుక్కను చొక్కా యంచుతో తుడిచి చూచి, పోలేదని నవ్వి, ఆట మొదలుపెట్టెను.

బడి తెఱచినది మొదలు వాడు నడిచియే పోవుచున్నాడు. వాని సంచి మేము మోయుచున్నాము.