మా చెల్లెలి కోరిక

సంగీతమునకు సాంకేతికవిద్య యొకటి కలదనియు, దానిని స్నాతకోత్తర తరగతులలో బోధింతురనియు నిరుటివఱకు నేనెఱుగను. ఇంటనే ప్రబంధములు చదువుకొన్న నాకు సంగీతమన్న వీణయే, తంబురయే. వనపర్తిలో మా యింట నుండి ఇంజనీరింగు ముగించిన మా చెల్లెలు, స్పెయినుదేశమున బార్సిలోనా నగరమందలి పోంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయమున నీ విద్య నభ్యసింతునన్నది.

"పెండ్లికి దాచిన సొమ్ము విమానముల పాలు చేయుదునా?" యని మా యమ్మ కంటతడి పెట్టినది. నేనును అమ్మ పక్షమే వహించి, "పాట సంగతి యంత్రమునకేమి తెలియునే?" యని గద్దించితిని.

అది కోపింపలేదు. "అక్కా! అచ్చట 2011 మొదలు 2017 వఱకు మన కర్ణాటకసంగీతముపైనను పరిశోధన జరిగినది. మన గాయకులందఱికి నొకటే శ్రుతి లేదు గదా! కావున యంత్రము మొదట ఆధారషడ్జమును కనుగొనవలెను. అందులకు తంబుర నాదమే తోడ్పడును. రాగము మాట ఆ పిమ్మట" నన్నది.

చిన్ననాడు అమ్మ మమ్ము తంబురయొద్ద కూర్చుండబెట్టి, షడ్జము నిలుచువఱకు గీతము మొదలుపెట్టనిచ్చెడిది కాదు. నాకు మాట రాలేదు.

"మఱి నీవేమి చేసెద?" వంటిని. నాగర్‌కర్నూలు జిల్లావారై, 2022లో పద్మశ్రీ నందిన దర్శనం మొగులయ్యగారి పండ్రెండు మెట్ల కిన్నెరను పేర్కొన్నది. ఎండిన సొరబుఱ్ఱల నుండి వెడలు ఆ నాదమును కొలిచి భద్రపఱుపవలెనట. అది వాయించువారు కొలదిమందియే మిగిలిరి.

నిన్న నా బంగారుగాజులు రెండు తీసి అమ్మ చేతిలో పెట్టితిని. మావారు చూచి ఊరకుండిరి. అమ్మ యింకను మాటాడలేదు.