యథాబలం

నాలుగు సంవత్సరాల క్రిందట ఒక కార్తిక సోమవారంనాడు, తీర్థం ఇవ్వడానికి ఉద్ధరిణె పట్టుకున్న నా కుడిచేతి చూపుడువ్రేలి కొనమీద మినపగింజంత తెల్లని మచ్చ కనిపించింది. విభూతి అంటుకున్నదనుకొని తుడిచాను. పోలేదు.

చేవెళ్ళకూ మొయినాబాదుకూ నడుమ, రహదారికి కొంత లోపలగా ఉన్న ఒక గ్రామంలోని శివాలయానికి నేను నిత్యార్చకుణ్ణి. తండ్రిగారి నుండి సంక్రమించిన సేవ. ఆరు మాసాలు గడిచేసరికి మచ్చలు ముంజేతికి, మెడకు, కనుబొమల పైకి ప్రాకాయి. శాస్త్రంలో శ్విత్రమంటారు, లోకంలో బొల్లి అంటారు. ఇది అంటువ్యాధి కాదు. సూక్ష్మజీవుల వలన వచ్చే కుష్ఠరోగంతో దీనికి సంబంధం లేదు. చర్మానికి వర్ణమిచ్చే కణాలను శరీరమే పరాయివిగా భావించి నశింపజేసుకోవడం దీని స్వభావం. ఈ సంగతి ఊరిలో ఎందరికని చెప్పగలను? ప్రతి ప్రదోషానికీ అందరికంటే ముందుగా నిలిచే ఒక వృద్ధురాలు ఒకనాడు చేయి చాపబోయి వెనుకకు తీసికొని, "బస్సు టైమయితున్నది అయ్యగారూ, తీర్థం రేపు తీస్కుంట" అన్నది. ఆమె ఇల్లు ఆలయానికి ఎదురుగానే ఉంది.

ఆ రాత్రి గ్రంథాలు ముందు వేసుకొని కూర్చున్నాను. అథర్వవేదం ప్రథమకాండలోని 23, 24 సూక్తాలు శరీరంపై తెల్లమచ్చలను పోగొట్టమని ఓషధిని ప్రార్థిస్తాయి. కృష్ణపుత్రుడైన సాంబుడు సూర్యోపాసనతో కుష్ఠవిముక్తుడైన కథ, మయూరకవి సూర్యశతకం రచించి స్వస్థుడైనాడనే ఐతిహ్యం మనకు తెలిసినవే. శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో నేటికీ చర్మరోగులు, నేత్రరోగులు ఆదిత్యుని సన్నిధికి వస్తారు. ఆరోగ్యాన్ని భాస్కరుని నుండి కోరమని పురాణం. ఇక చరకసంహిత చికిత్సాస్థానం ఏడవ అధ్యాయంలో శ్విత్రరోగికి ఔషధపానం తరువాత సూర్యసంతాప సేవనం స్పష్టంగానే విధింపబడింది. ఇన్ని ప్రమాణాలు ఒకే దిక్కును చూపుతుంటే సందేహమెందుకనుకున్నాను.

బావంచాల తైలం సంపాదించాను. సంస్కృతంలో బాకుచి. చైత్రమాసపు ఎండలో, పదిగంటలకు మచ్చలన్నిటికీ ఆ తైలం పట్టించి, పదకొండింటి నుండి ఒంటిగంట వరకు మేడమీద తూర్పుముఖంగా కూర్చొని ఆదిత్యహృదయం పారాయణ చేశాను. మూడు ఆవృత్తులు చాలునని తెలుసు. మంట పుట్టలేదు గనుక మరికొన్ని చేశాను. నిజం చెప్పాలంటే అది భక్తి మాత్రమే కాదు. ఆ వృద్ధురాలి చేయి వెనుకకు పోయిన దృశ్యాన్ని తొందరగా చెరిపివేయాలన్న ఆతురత.

ఆనాడు ఏమీ తెలియలేదు. రెండవనాటి రాత్రి చేతులు, మెడ ఎర్రబారి భగభగమన్నాయి. మూడవనాటికి బొబ్బలు పొంగి నీరు కారసాగింది. వ్రణాలున్న చేతులతో లింగాన్ని ఎలా స్పృశించగలను? పదకొండు రోజులు నా పినతండ్రి కుమారుడు వచ్చి అభిషేకం చేశాడు. నేను గర్భగుడి గడప బయట నిలబడి నమకం చెప్పాను.

చేవెళ్ళలో నాకు పరిచయమున్న ఆయుర్వేద వైద్యులు నా చేతులు చూసి కోపించలేదు. చరకసంహిత తెమ్మని, నేను వేలుపెట్టి చూపిన పంక్తినే మరల చదవమన్నారు. సూర్యసంతాపాన్ని సేవించాలన్న క్రియకు పక్కనే ఒక చిన్న క్రియావిశేషణం ఉంది. యథాబలం. రోగి బలాన్ని అనుసరించి. చదివినప్పుడు నా కన్ను దానిమీదుగా జారిపోయింది. సూర్యుడు కనిపించాడు, కొలత కనిపించలేదు. ఆ వెంటనే, శ్విత్రం మీద పుట్టే పొక్కులను ఏమి చేయాలో కూడా ఆచార్యుడు చెప్పే ఉన్నాడు.

బావంచాలలో సోరాలెన్ అనే పదార్థం ఉన్నదని, అది చర్మాన్ని అతినీలలోహిత కిరణాలకు అనేక రెట్లు లోబడేలా చేస్తుందని, దాని దాహం ఒకటి రెండు దినాలు ఆలస్యంగా బయటపడుతుందని ఆయనే వివరించారు. అందువల్లనే మేడమీద నాకు మంట తెలియలేదు. ఈ గింజలను తోచినట్లు లోపలికి పుచ్చుకొని కాలేయాన్ని చెడగొట్టుకున్నవారు కూడా ఉన్నారట. నగరంలోని ఒక చర్మవైద్యురాలికి లేఖ వ్రాసి ఇచ్చి, "ఆమె చికిత్స జరిగినన్నాళ్ళు నా తైలం ముట్టవద్దు. రెండు అగ్నులు కలిస్తే మళ్ళీ ఇదే కథ" అన్నారు. సమన్వయ వైద్యమంటే అన్ని మందులూ ఒకేసారి మింగడమని భావించే మనవంటివారికి ఈ మాట మిక్కిలి అవసరం.

పాశ్చాత్యులకు ఈ మార్గం నిన్నమొన్నటిది. కిరణాలను కేంద్రీకరించి చర్మక్షయను నయం చేసినందుకు డెన్మార్కు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి లభించింది. నైలునదీ తీరంలో బొల్లికి వాడే ఒక మొక్క నుండి వేరుచేసిన సోరాలెన్‌ను కైరోలో ఎల్ మొఫ్తీ 1940ల దశకంలో రోగులపై పరీక్షించాడు. 1974లో బోస్టన్ వైద్యులు సోరాలెన్‌ను కృత్రిమకాంతితో జోడించి సోరియాసిస్‌కు కొలిచి ఇచ్చే పద్ధతిని స్థిరపరిచారు. 1997లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు, ఆ మందు లేకుండానే, 311 నానోమీటర్ల ఇరుకైన పట్టీలోని కిరణాలతో బొల్లికి చికిత్స సాధ్యమని చూపారు. నాకు జరిగింది ఈ చివరిదే. మన ఋషులు ముందే చెప్పారని గర్వించడానికి నాకిప్పుడు నోరు రాదు. వారు చెప్పినది సగమే విన్నవాణ్ణి గనుక.

వారానికి రెండు పర్యాయాలు వెళ్ళాలి. మనిషి ఎత్తు గొట్టాలు చుట్టూ నిలిచిన ఒక చిన్న గది. కళ్ళకు నల్లని అద్దాలు. మొదటినాడు లోపలికి వెళ్ళి శివనామం నాలుగుసార్లు తలచేలోగా దీపాలు ఆరిపోయాయి. యంత్రం చెడిందేమోనని అడిగాను. "అంతేనండి పంతులుగారూ, ఈరోజుకు మీ మాత్ర" అన్నది వైద్యురాలు. తరువాత ప్రతిసారీ చర్మం ఎర్రబడినదా అని అడిగి, లేకుంటే కొద్దిగా పెంచేది, ఎర్రబడితే ఆపేది.

మాత్ర! మింగే గుళికను మనం అలా పిలుస్తాము. ఛందస్సులో కాలపరిమాణమూ అదే, సంస్కృతంలో కొలత అనే అర్థమూ అదే. గురులఘువులు మారితే పద్యం చెడుతుందని పిల్లలకు చెప్పే నేను, సూర్యతేజస్సుకు మాత్ర ఉండదనుకున్నాను. మా పక్కనే గండిపేట జలాశయపు ఒడ్డున ఉన్న చిలుకూరులో బాలాజీకి కూడా మొక్కినప్పుడు 11, కోరిక తీరాక 108 అని ప్రదక్షిణలకు లెక్క ఉన్నదే!

ఆ గదిలో నిలబడినప్పుడల్లా సంజ్ఞాదేవి గుర్తుకు వచ్చేది. సూర్యుని భార్యయై కూడా ఆయన తేజస్సును భరించలేక, ఛాయను తన స్థానంలో నిలిపి తపస్సుకు వెళ్ళిపోయింది. ఆమె తండ్రి విశ్వకర్మ అల్లుణ్ణి సానచక్రంపై నిలిపి తేజస్సులో ఎనిమిదవ వంతు తగ్గించాడని విష్ణుపురాణం. తగ్గిన తరువాతనే ఆ దాంపత్యం నిలిచింది. రాలిన ఆ తేజఃఖండాలు వ్యర్థం కాలేదు. సుదర్శనం, త్రిశూలం వాటితోనే రూపొందాయి. బాల్యం నుండి చెబుతున్న కథే, వినడం ఇప్పుడు జరిగింది.

ఛాయ ప్రస్తావన వచ్చింది గనుక మా మర్రిచెట్లను విడువలేను. చికిత్స పొందిన రోజున ఎండ తగలకూడదు. మెహదీపట్నం నుండి చేవెళ్ళ బస్సులో మిట్టమధ్యాహ్నం వచ్చే నాకు, మొయినాబాదు దగ్గర పడగానే రెండు వైపుల కొమ్మలు కలిసి పైకప్పు వేసేవి. అప్పా కూడలి నుండి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్లలో ఇటువంటివి 900కు పైగా ఉన్నాయి. రహదారి విస్తరణలో వీటి గతి ఏమిటన్న వివాదం జాతీయ హరిత ధర్మాసనం దాకా వెళ్ళింది. నా వరకు అవి కూడా వైద్యంలో భాగమే.

మరొక సంగతి. ఉదయాన అర్ఘ్యమిస్తే విటమిన్-డి లభిస్తుందని నేనే ఎన్నో ఉపన్యాసాలలో చెప్పాను. ఉదయకాలపు వాలుకిరణాలలో దానిని పుట్టించే అంశ దాదాపు ఉండదని, నీడ మన ఎత్తుకంటే పొట్టిగా ఉండే వేళలోనే అది తగినంత అందుతుందని వైద్యురాలు చెప్పింది. ప్రాతఃకాలపు వెలుగు నిద్రా జాగరణల లయను సరిదిద్దుతుందట. అది వేరు ప్రయోజనం. నాకు చిన్నతనమనిపించలేదు. విటమిన్ కోసం అర్ఘ్యమిచ్చిన ఋషి ఎవడూ లేడు. పచ్చకామెర్లు వచ్చిన శిశువును అరుగుమీద ఎండలో పరుండబెట్టి సరిపెట్టుకునే తల్లులకు కూడా ఇప్పుడు ఆసుపత్రికి వెళ్ళమనే చెబుతున్నాను. 1956 ప్రాంతంలో ఇంగ్లాండులో ఒక నర్సు శిశువులను ఎండకు త్రిప్పుతూ గమనించిన విషయమే నేటి నీలికాంతి చికిత్సకు మూలం. కాని ఆ నీలికాంతికి కొలత ఉంది, అరుగు ఎండకు లేదు.

మూడవ మాసంలో ముంజేతి తెలుపులో, రోమకూపాల చుట్టూ గసగసాలంత చుక్కలు మొలిచాయి. క్రమంగా అవి కలిసిపోయాయి. పదునాలుగు మాసాలకు ముఖం, మెడ, ముంజేయి చాలవరకు పూర్వవర్ణానికి వచ్చాయి. వ్రేళ్ళకొనలు మాత్రం రాలేదు. కొత్త కణాలు రోమకూపాల నుండి ప్రాకి రావాలి. అక్కడ రోమాలే లేవు.

మొన్న కార్తికంలో ఆ వృద్ధురాలు వచ్చి, ఉద్ధరిణె పట్టిన నా వ్రేలిని చాలాసేపు చూసింది.

"మొకమంత మంచిగైంది. ఏలు అట్లనే ఉన్నదేంది అయ్యగారూ?"

"అక్కడ వెంట్రుక లేదమ్మా. రంగు ఎక్కడి నుంచి వస్తుంది?"

"గట్లనా" అని తన చూపుడువ్రేలిని కళ్ళ దగ్గరకు తెచ్చుకొని పరీక్షించుకున్నది. తరువాత అదే అరచేయిని దొప్పగా చేసి ముందుకు చాపింది. మూడుసార్లు పోశాను.