జోడు కుదరలేదు

పోయిన సంక్రాంతికి బందరు వెళ్తూ నాన్నకి ఓ కానుక పట్టుకెళ్లాను. పంచెల చాపు కాదు, చేతిగడియారమూ కాదు. దువ్వెనంత పొడవున్న పచ్చటి ముక్క. ఎనిమిది జీబీ ర్యామ్!

నాన్న కంప్యూటర్ 2014లో కొన్నది. అందులో ఉన్నది నాలుగు జీబీ. ఆన్ చేసి, కాఫీ తాగి, పేపరు తిరగేసి వస్తే గానీ తెర కుదుటపడేది కాదు. టీచరుగా రిటైరయ్యాక ఆయన దాని మీదే ఓ పని పెట్టుకున్నారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఆయనకి పంతొమ్మిదేళ్లు. అవనిగడ్డ దగ్గర ఊరు. ఆ రాత్రి గురించి మాకెప్పుడూ నోరు విప్పి చెప్పలేదు. కీబోర్డు మీద తెలుగు అక్షరాలు అంటించుకుని, ఒంటి వేలితో అదంతా టైపు చేస్తున్నారని అమ్మ చెప్తేనే తెలిసింది.

డబ్బా విప్పి, ఖాళీగా ఉన్న రెండో స్లాట్‌లో కొత్తది నొక్కాను. టక్కుమని కూర్చుంది. తెర మీద పన్నెండు జీబీ! ‘చూశావా నాన్నా, మూడింతలు’ అని గొప్పలు పోయాను కూడా.

నేను చూసింది ఒక్కటే, డీడీఆర్3 అవునా కాదా అని. డీడీఆర్4 అయితే గాటు చోటు మారుతుంది, అసలు ఎక్కదు. ఎక్కింది కాబట్టి సరిపోయిందనుకున్నా. పాతదాని వేగం 1600. నేను తెచ్చింది సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిన 1333, వేరే కంపెనీది.

ఉగాదికి వెళ్తే కంప్యూటర్ మీద దుప్పటి కప్పి ఉంది. ‘తీరిక ఉండట్లేదమ్మడూ’ అన్నారు నాన్న. రిటైరైన మనిషికి తీరిక లేకపోవడమేంటి? వంటింట్లో అమ్మ గుట్టు విప్పింది. ‘రాస్తుంటే నీలం తెరొచ్చి ఆగిపోతోందట. ఓ రోజు నాలుగు పేజీలు పోయాయి. తనే ఏదో నొక్కి పాడుచేశానని మానేశారు. నీకు చెప్పొద్దన్నారు.’

సేవ్ చేయని అక్షరాలు ఉండేది ర్యామ్‌లోనే. మెషీన్ ఆగిందా, అవీ పోయినట్టే.

ఆ రాత్రి మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి నడిపాను. తెల్లారేసరికి తెర నిండా తప్పులే. పాతది తీసేసి కొత్తదాన్ని పరీక్షిస్తే ఒక్క తప్పూ లేదు. కొత్తది తీసి పాతదాన్ని పెట్టినా అంతే. స్లాట్లు మార్చీ చూశాను. రెండూ మంచివే, కలిపితేనే తంటా! వేగాలు వేరైతే మదర్‌బోర్డు రెండింటినీ తక్కువ వేగానికి దింపి నడుపుతుంది. చాలా జతలు సర్దుకుపోతాయి. కొన్ని మాత్రం ససేమిరా అంటాయి.

నాన్నకి ఇదంతా చెప్తే వెంటనే అందుకున్నారు. ‘కాడికి జోడు చూసుకోకుండా కడతారా ఎవరైనా? నిదానపు ఎద్దు నడకే బండి నడక. మెడ పుండు పడేది రెండోదానికి.’ తర్వాత కాసేపాగి, ‘అయితే నా చెయ్యి కాదన్నమాట’ అన్నారు. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. రెండు నెలలు ఆయన్ని ఆయనే తిట్టుకున్నారు, నేను చవగ్గా కొన్న ముక్క వల్ల.

పాత నాలుగు జీబీ తీసేశాను. ఎనిమిదీ ఒంటరిగా హాయిగా నడుస్తోంది. నిమిషానికోసారి దానంతటదే సేవ్ అయ్యేలా కూడా పెట్టాను. మీరూ ర్యామ్ కొనేటట్టయితే పాతదాని మీది చీటీని ఫోటో తీసుకుని షాపుకెళ్లండి. కుదిరితే ఒకే ప్యాకెట్లో జతగా వచ్చేవి తీసుకోండి. బిగించిన రాత్రే పరీక్ష పెట్టండి. సంక్రాంతికి చేయాల్సిన ఆ పని నేను ఉగాదికి చేశాను.

పోయిన నాలుగు పేజీల్లో ఏముందో నాన్న చెప్పలేదు. అవి మళ్లీ రాశారా అని మొన్న ఫోన్లో అడిగాను.

‘వాటి ముందువి రాస్తున్నానమ్మడూ’ అన్నారు.