అమ్మగారి తస్బీహ్

మా అమ్మగారి తస్బీహ్ కొయ్య పూసలది. పెదనాన్నగారు హజ్ నుండి తిరిగి వచ్చినప్పుడు జమ్‌జమ్ నీటితోను, ఖర్జూరాలతోను పాటు తెచ్చి ఇచ్చినది. 33 పూసలు, కొసన పొడవైన ఇమామ్ పూస, దాని క్రింద పట్టుకుచ్చు. కొత్తలో లేత గోధుమ వన్నెలో ఉన్న ఆ పూసలు ఏళ్ళ తరబడి వేళ్ళ జిడ్డు తాకి చింతగింజల రంగుకు వచ్చాయి. గాజు పూసలు చలికాలం ఫజ్ర్ వేళ చల్లగా తగులుతాయనీ, ప్లాస్టిక్‌వి టకటకమంటాయనీ, కొయ్యవి మాత్రం చేతిలో ఉన్నట్టే తెలియదనీ ఆమె అనేవారు.

మద్రసాలో చదువు ముగించుకొని మేము ఇల్లు చేరిన సంవత్సరమది. ఇరవై రెండేళ్ళ వయసు, తలపై కొత్త దస్తార్, చూసిన ప్రతిదానిలోను బిద్అత్ కనిపించే రోజులు. ఒకనాడు ఇషా నమాజ్ తరువాత ఆమె తస్బీహ్ తిప్పుతూ ఉండగా, "అమ్మీ, దైవప్రవక్త (స) వేళ్ళపై లెక్కించారు. పూసలదండ సున్నత్ కాదు, ఇది ఇతరుల ఆచారం" అని చెప్పి, ఆమె చేతిలోనిది తీసుకొని అలమరపై పెట్టాము. ఆమె వాదించలేదు. కొడుకు ఆలిమ్ అయ్యాడు కదా!

మేము చెప్పినదానిలో సగం నిజమే. వేళ్ళతో లెక్కించుకోండి, ప్రళయదినాన వాటిని ప్రశ్నించి మాట్లాడించడం జరుగుతుందని ప్రవక్త (స) మహిళలకు బోధించినట్లు హదీసు ఉంది. పూసలు ఇతరుల వద్ద ఉన్న మాటా నిజమే. హిందువులు రుద్రాక్షలతోను, తులసి పూసలతోను 108 లెక్కిస్తారు. బౌద్ధుల సంఖ్య కూడా 108. క్రైస్తవ యాత్రికుల కోసం బేత్లెహేములో ఆలివ్ కొయ్యతో జపమాలలు చెక్కుతారు. అయితే మనిషి లెక్క మరచిపోవడం మాత్రం ఏ ఒక్క మతానికి చెందిన విషయమూ కాదని అప్పుడు మాకు తోచలేదు.

అమ్మగారికి అప్పటికే కీళ్ళవాతం. బొటనవేలు కణుపుల మీద సాఫీగా నడిచేది కాదు. "ఇరవయ్యా, ఇరవై ఒకటా" అని ఆగిపోయి, మళ్ళీ మొదటినుండి సుబ్‌హానల్లాహ్ ప్రారంభించేవారు. ప్రక్కగదిలో కితాబు తెరచుకొని మేము వింటూనే ఉండేవారము.

తిరగలి విసరి చేతులు కాయలు కాచిన హజ్రత్ ఫాతిమా (రజి) పనిమనిషిని కోరగా, ప్రవక్త (స) ఆమెకు పడుకునే ముందు 33 సార్లు సుబ్‌హానల్లాహ్, 33 సార్లు అల్‌హమ్దులిల్లాహ్, 34 సార్లు అల్లాహు అక్బర్ పలుకమని నేర్పారు. తస్బీహె ఫాతిమా అలసిన చేతులకు లభించిన కానుక అని విద్యార్థులకు ఎన్నిసార్లు వివరించామో! మా ఇంటిలోని చేతులు గుర్తుకు రాలేదు.

పదకొండేళ్ళ తరువాత అబూదావూద్ పాఠం చెబుతూ ఒక హదీసు వద్ద ఆగిపోయాము. ఒక స్త్రీ గులకరాళ్ళో, ఖర్జూరపు గింజలో ముందు పెట్టుకొని తస్బీహ్ చేసుకుంటూ ఉంటుంది. ప్రవక్త (స) వచ్చి, అంతకంటే సులభమైనది, శ్రేష్ఠమైనది చెబుతానని కొన్ని వాక్యాలు నేర్పుతారు. ఆ గింజలను ఆమె ముందునుండి తీసివేయరు. ఈ హదీసు చదువుకునే రోజుల్లో కూడా చదివాము, పరీక్షలో రాశాము కూడా!

ఆ పిదపనే మిగిలినవీ వెదకి చదివాము. 1505లో మరణించిన ఇమామ్ సుయూతీ ఈ తస్బీహ్ మీదనే ఒక చిన్న గ్రంథం రచించారు. బిద్అత్ విషయంలో ఎంతో కఠినులుగా పేరుపొందిన ఇమామ్ ఇబ్న్ తైమియ్యా సైతం వేళ్ళతో లెక్కించడం సున్నత్ అంటూనే, సంకల్పం మంచిదైతే పూసలతో లెక్కించడం కూడా మంచిదేనన్నారు. ఆయన తప్పుపట్టినది అవసరం లేకుండా మెడలోనో, మణికట్టుకో ధరించి జనానికి చూపడాన్ని. (వేళ్ళ మధ్య తస్బీహ్, నాలుకపై పొరుగింటి ముచ్చట్లు! ఇది మనలో ఎందరికి అలవాటో చెప్పనక్కరలేదు.) ఇప్పుడు మా విద్యార్థులు వేలికి తొడిగే లెక్క యంత్రం చూపి హలాలా, హరామా అని అడుగుతారు. వెంటనే జవాబు చెప్పడం మేము మానుకున్నాము.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, అలమరపైనుండి తస్బీహ్ దించి, దుమ్ము తుడిచి, అమ్మగారి ఒడిలో ఉంచాము. ఆమె దానిని కాసేపు తడిమి చూసుకున్నారు.

"కితాబులో ఇప్పుడు దొరికిందా, బేటా?"

"ముందునుండీ ఉంది, అమ్మీ" అన్నాము.

ఆమె మరేమీ అనకుండా ఇమామ్ పూసను వెదుక్కొని, మొదటి పూసను జరిపారు.